అత్తగారి పాట అబద్ధమాడదు

"నా గొంతేదీ?" అంది ఉజొమాక మూడోసారి.

టీవీలో సినిమా మొదటి సీను నడుస్తోంది. ముంతలోకి కల్లు వంపుతున్న చప్పుడు, ఈగల రొద, ఎవరో గుటక వేసిన చప్పుడు. అంతే. పాట ఉండాల్సిన రెండు నిమిషాలూ ఈగలు మాత్రమే తిరుగుతున్నాయి.

దూబెమ్ పెళ్లాం వంక చూశాడు. ఓలన్మా మొగుడి వంక చూసింది. గురువారం పొద్దున్న ఎనిమిదింకా కాలేదు. పళ్లెంలో అకారా వడలు చల్లారిపోతున్నాయి, ఒక్కరూ ముట్టుకోలేదు.

"ఓలన్మా తీసేసిందమ్మా," అన్నాడు దూబెమ్.

ఎంత చక్కగా చెప్పాడో చూడండి. మొన్న సాయంత్రం పెళ్లాం గడ్డం పట్టుకుని, ఈ ఒక్కసారికీ తీసెయ్యి, అమ్మకి నేను చెప్పుకుంటాను అని బతిమాలింది ఈయనే. సినిమాకి దర్శకుడు ఆయన. శబ్దాలన్నీ పట్టి కూర్చేది ఆవిడ. తీసే చెయ్యి ఆవిడది కాబట్టి తీసిన పాపం కూడా ఆవిడదే అయిపోయింది.

ఓలన్మాకి ఒళ్లు మండిపోయింది. అయినా అత్తగారి ముందు మొగుణ్ని అబద్ధాలకోరు చెయ్యడం ఇష్టంలేక నోరు మూసుకుంది. ఆ మూసుకోవడమే ఒప్పుకోలైపోయింది.

"మా ఆవిడకి నా పాట పనికిరాలేదన్నమాట," అంది ఉజొమాక. ఆ వైపు కోడల్ని ఇంటిల్లిపాదీ 'మా ఆవిడ' అనే పిలుస్తారు. ముద్దొచ్చినా అదే పిలుపు, కోపమొచ్చినా అదే. ఇవాళ ఏదో చెప్పక్కర్లేదు.

ఉజొమాక అంటే వాళ్లుండే అసాబా ఊళ్లో ఆషామాషీ మనిషి కాదు. ఇంటింటా వీడియో క్యాసెట్లు తిరిగిన రోజుల్లో, సినిమా మొదలైతే ముందు వినబడేది ఆవిడ గొంతే. బొమ్మ పడకముందే కథంతా పాటలో చెప్పేసేది. అత్త చెడ్డదైతే చెడ్డదని, పిల్ల మోసపోతుందంటే మోసపోతుందని, పేర్లతో సహా. జనం ఆ పాట కోసమే క్యాసెట్ కొనేవారు. తర్వాత కాలం మారింది, కొత్త దర్శకులకి కొత్త మోజులొచ్చాయి. పదకొండేళ్లుగా ఆవిణ్ని పాడమన్నవాడు లేడు. ఇదిగో, కడుపున పుట్టినవాడు సినిమా తీశాడు కాబట్టి మళ్లీ పాడింది.

పాడింది కాబట్టే చిక్కొచ్చింది. పాత అలవాటు కొద్దీ మొదటి చరణంలోనే, "తాగకు తాగకు అన్నయ్యా, తమ్ముడు కలిపిన కల్లది" అని హంతకుణ్ని పట్టిచ్చేసింది. వంతెన అవతల ఒనిచాలో ఉండే నిర్మాత ఒక్వోసా అది విని ఫోన్లో ఒకటే కేకలట. మొదటి నిమిషంలోనే చంపిందెవడో చెప్పేస్తే మిగతా రెండు గంటలూ జనం నా మొహం చూడాలా అన్నాడట. పాట మారకపోతే సినిమా ముట్టుకోనన్నాడు.

దూబెమ్ ఈ మాటలన్నీ నీళ్లు నములుతూ తల్లికి చెప్పాడు. ఆవిడ విని తల ఊపింది.

"మా రోజుల్లో చంపిందెవడో జనానికి తెలిసేది. ఆ పిచ్చి అన్నకే తెలిసేది కాదు," అంది. "వాడు ముంత ఎత్తినప్పుడల్లా వీడియో హాలంతా వద్దురా వద్దురా అని అరిచేది. ఇప్పుడెవరు అరుస్తారు, మీ ఈగల్ని చూసి?"

ఓలన్మా ఉలిక్కిపడింది. ఆ మాటలో నిజముంది. తను నాలుగు రోజులు కష్టపడి పట్టిన ఈగలవి. మామిడి తొక్కలు పళ్లెంలో పెట్టి, మైకు పక్కన ఊపిరి బిగబట్టి కూర్చుని పట్టింది. ఎండు కర్రపెండలం గారీ పిండి గుడ్డలో మూటకట్టి నలిపి, ఇసుకలో నడకలు పుట్టించింది. ఆ సీను నిశ్శబ్దంగా ఉంటే జనం చెవులు రిక్కిస్తారని తన నమ్మకం. అలా అని అత్తగారి గొంతు అక్కర్లేదని ఏనాడూ అనుకోలేదు.

"శనివారం నాలుగ్గంటలకి ఆట," అంది ఉజొమాక. "మీ నాన్న వంశంలో పుట్టిన ఆడపడుచులు నలభైమంది వస్తున్నారు. అందరూ ఒకేలా కట్టుకోడానికి ఒకే అచ్చు గుడ్డ కొన్నారు నా పాట కోసం. మీ మేనత్త ఫిలొమీనా ఇవాళ నా వాటా గుడ్డ పట్టుకొస్తానంది. ఏం చెప్పను? నా ఇంట్లోవాళ్లే నన్ను చెరిపేశారని చెప్పనా?"

ఆవిడ లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది.

కాసేపటికి రోకలి చప్పుడు మొదలైంది. దుంపలు దంచుతోంది. ఓలన్మా ఆ ఇంట్లో అడుగుపెట్టిన మూడేళ్లలో ఆ రోకలి పాట లేకుండా పడగా వినలేదు. ఇవాళ ఉత్త రోకలి పడుతోంది. చెవులతో బతికే మనిషికి అంతకంటే పెద్ద శిక్ష ఇంకేముంటుంది? ఓలన్మాకి కళ్లలో నీళ్లు తిరిగాయి.

"మధ్యాహ్నం పన్నెండుకల్లా శబ్దం మొత్తం ఒనిచా పంపాలి," అని గొణిగాడు దూబెమ్.

"ముందు వెళ్లి ఎవరు తీయించారో మీ అమ్మకి చెప్పి రా."

"చెప్తాను. శనివారం అయ్యాక."

"అప్పటిదాకా నేను దోషినా?"

అతను వడ ఒకటి తీసుకుని, కొరక్కుండానే మళ్లీ పళ్లెంలో పెట్టేశాడు. ఓలన్మా ఇంకో మాట అనకుండా తన గదిలోకి పోయి తలుపేసుకుంది.

గది అంటే పడకగదే. గోడలకి పరుపులు నిలబెట్టి, కిటికీకి రెండు దుప్పట్లు వేలాడదీసి, రికార్డింగ్ గది చేసుకుంది. చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని అత్తగారి పాట పెట్టింది. తమ్ముడి మాట వచ్చిన చోట కత్తిరించి చూసింది. పాట కుంటింది. గొంతు తగ్గించి చూసింది. ఎవరో పక్కింట్లో పాడుతున్నట్టుంది. మాటలు తీసేసి ఉత్త కూనిరాగం ఉంచితే ఎలా ఉంటుందా అనుకుంది. అలా చేస్తే ఆవిడ మొహాన ఉమ్మేస్తుంది, ఆ ఉమ్మడమూ న్యాయమే.

పోయిన వారం పక్కింటి మంగలి పెళ్లాంతో మాటలు గుర్తొచ్చాయి. ఏదో పాత సినిమాలో సవతి నిజంగా మంచిదేమో కదా అని ఓలన్మా అంటే, ఆవిడ విచిత్రంగా చూసింది. చెడ్డదని పాటలోనే చెప్పారుగా, ఇంకా అనుమానమేమిటి అంది. బైబిల్లో రాసుందన్నంత ధీమాగా అంది.

పాటలో చెప్పారుగా.

ఓలన్మా చెయ్యి మౌసు మీద ఆగిపోయింది. పాట చెప్తే జనం నమ్ముతారు. అసాబాలో, ఒనిచాలో, ఎనుగులో, పాట చెప్పింది కాదనే మనిషి పుట్టలేదు. ఇరవయ్యేళ్లపాటు పాట ఎప్పుడూ నిజమే చెప్పింది మరి. అలాంటి పాట ఒక్కసారి అబద్ధం చెప్తే?

కుర్చీలోంచి ఒక్క గెంతు గెంతింది. హెడ్‌ఫోన్లు మెడలో ఉన్నాయన్న సంగతి కూడా మర్చిపోయి, వైరు ఈడ్చుకుంటూ వంటింట్లోకి పరిగెత్తింది.

"అత్తయ్యా, పాట ఉంటుంది. మొదట్లోనే ఉంటుంది. మీ గొంతు మీదే బొమ్మ పడుతుంది."

ఉజొమాక రోకలి ఆపింది. తలెత్తలేదు.

ఓలన్మా గుక్క తిప్పుకోకుండా చెప్పేసింది. పాటలో తమ్ముడి మాట వద్దు. చంపింది ఆ అన్న పెళ్లామని పాడాలి, సినిమాలో ఆ అమ్మాయి పేరు చినేలో, ఆ పేరుతోనే పాడాలి. హాల్లో అందరూ నమ్మేస్తారు. తమ్ముడు ముంత చేతిలో పట్టుకుని తిరుగుతున్నా ఒక్కరూ వాడివైపు చూడరు. ఒక్వోసా దండం పెడతాడు. ఇంతవరకూ ఏ సినిమాలోనూ ఎవరూ చెయ్యలేదు, మీ గొంతుకి తప్ప ఇంకే గొంతుకీ అది చేతకాదు అంది. మాట్లాడుతున్నంతసేపూ చేతులు గాల్లోనే ఉన్నాయి.

అత్తగారి మొహంలో రంగు మారడం అప్పుడు చూసింది.

"మొగుడు పోయిన ఆడదాని మీద, నా నోటితో నింద వెయ్యమంటావా?"

ఆవిడ గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేది. దూబెమ్ గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

"నీకు తెలీదు," అంది ఉజొమాక. "వీడు చెప్పి ఉండడు. మీ మామగారు పోయినప్పుడు వీడికి తొమ్మిదేళ్లు. రాత్రి అన్నం తిని పడుకున్న మనిషి పొద్దున లేవలేదు. వండిందెవరు, వడ్డించిందెవరు అన్నారు. నేనేగా. ఆడపడుచులొచ్చారు. శవాన్ని కడిగిన నీళ్లు గిన్నెలో పట్టుకొచ్చి, నువ్వు చంపకపోతే తాగు అన్నారు."

రోకలి దుంపల్లోనే నిలబడి ఉంది. ఆవిడ దాన్ని పట్టుకునే మాట్లాడుతోంది.

"తాగాను. గిన్నె పట్టుకున్నది ఫిలొమీనా వదిన. అప్పట్నించీ పంతొమ్మిదేళ్లుగా ఆవిడా నేనూ చర్చిలో ఒకే బల్ల మీద కూర్చుంటున్నాం. ఆ మాట ఆవిడెత్తదు, నేనెత్తను."

దూబెమ్ తల దించుకున్నాడు. సినిమాలో చినేలో గిన్నె ఎత్తే సీను ఓలన్మాకి కళ్లముందు మెదిలింది. అందులో ఆ గిన్నె చప్పుడు ఎన్నిసార్లు మార్చినా అతనికి నచ్చలేదు. ఇది కాదు, ఇది కాదు అంటూ రేకు గిన్నెలు, ఎనామిల్ గిన్నెలు ఇంట్లో ఉన్నవన్నీ మోగించాడు. మొగుడు ఈ సినిమా ఎందుకు తీశాడో ఆ క్షణాన అర్థమైంది. తను వాగిన వాగుడంతా గుర్తొచ్చి సిగ్గుతో కుంచించుకుపోయింది.

"క్షమించండత్తయ్యా. ఆ మాట వదిలెయ్యండి."

ఉజొమాక వదల్లేదు. దుంపల వంకే చూస్తూ రోకలి ఓ పక్కకి పెట్టింది. బయట మంగలివాడి జనరేటరు గుడగుడమంటోంది.

"పాట తీయించింది నేనేనమ్మా," అన్నాడు దూబెమ్ ఉన్నట్టుండి.

"తెలుసు లేరా," అంది తల్లి అటు తిరక్కుండానే. "నువ్వు అబద్ధమాడితే చెవులు ఎర్రబడతాయి, చిన్నప్పట్నించీ అంతే." మళ్లీ కోడలివైపు తిరిగింది. "నలభైమందీ నమ్ముతారంటావా?"

ఓలన్మా తడబడింది. "మీరు పాడితే నమ్మకుండా ఎలా ఉంటారు?"

"చివర్లో?"

"చివర్లో తమ్ముడు దొరుకుతాడు. అప్పటికి రెండు గంటలుగా హాలంతా ఆ పిల్లని తిట్టిపోస్తూ ఉంటుంది. దొరికాక ఎవరూ ఏమీ అనలేరు. అక్కడ నేను సంగీతం పెట్టను. ఏమీ పెట్టను."

"ఏమీ పెట్టకు," అంది ఉజొమాక. కళ్లు మెరుస్తున్నాయి. కోపమో, సంతోషమో, రెండూనో. "తిట్టనీ. నోరారా తిట్టనీ. తిట్టాక ఒకళ్ల మొహాలొకళ్లు చూసుకోనీ." కట్టుగుడ్డ చెంగుతో చేతులు తుడుచుకుంది. "వీధిలో జనరేటర్లు ఆపించండి."

ఇంక చూడాలి ఆ ఇంటి హడావిడి.

దూబెమ్ చెప్పులు కూడా వేసుకోకుండా వీధిలోకి పరిగెత్తాడు. మంగలివాణ్ని బతిమాలితే, సగం గొరిగిన తల ఉంది, అది అయ్యేదాకా ఆగమన్నాడు. ఆ సగం తలవాడే, ఉజొమాక పాట అంటే తర్వాత గొరుగుదువులే అని లేచాడు. చల్లనీళ్లమ్మే ఆవిడ జనరేటరు తనే ఆపి, పాట మాకూ వినిపించాలి సుమా అని షరతు పెట్టింది. ఎదురు చర్చిలో డోలు సాధన చేస్తున్నవాళ్లు అరగంట మౌనంగా ప్రార్థన చేసుకుంటాం పొమ్మన్నారు. వీధంతా ఒక్కసారి చప్పబడింది. ఓలన్మా హెడ్‌ఫోన్లలో ఆ నిశ్శబ్దం విని, ఎగిరి గంతెయ్యాలన్నంత ఉబ్బిపోయింది.

ఉజొమాక కోడలి గదిలో, మైకు ముందు, ఉదూ కుండ ఒళ్లో పెట్టుకుని పీట మీద కూర్చుంది. కుండకి పక్కన ఉండే రంధ్రం మీద అరచేత్తో ఒక దెబ్బ వేస్తే, బావి అడుగునుంచి వచ్చినట్టు మోత. మాటలు అప్పటికప్పుడు కట్టేసింది. కాగితం అడగలేదు. మైకు ఎంత దూరమో కూడా కోడలు చెప్పక్కర్లేకపోయింది, తనే జానెడు వెనక్కి జరిగింది.

మొదటిసారి మేక అరిచింది. రెండోసారి మోటార్‌సైకిల్ హారను. ఈ మధ్యలో వీధి తలుపు చప్పుడైంది. ఫిలొమీనా వచ్చిందని, ముందు గదిలో కూర్చోబెట్టానని, పాట అయ్యేదాకా కిక్కురుమనొద్దని చెప్పానని దూబెమ్ తలుపు సందులోంచి గుసగుసలాడాడు. ఓలన్మా అత్తగారి మొహం చూసింది. ఆవిడ విన్నది. కుండ సర్దుకుంది.

మూడోసారి మొదలైంది.

ముందు కుండ ఒక్కటే. ఆ తర్వాత గొంతు. అరవై దాటిన గొంతులో ఎక్కడ దాచుకుందో అంత బలం. ఓలన్మా చేతుల మీద రోమాలు లేచి నిలబడ్డాయి. తెర మీద అదే మొదటి సీను, కల్లు ముంత పక్కనే చినేలో మొగుడికి అన్నం వడ్డిస్తోంది. పెదవులకీ పాటకీ సంబంధం లేదు, అయినా ఆ పిల్ల నవ్వులో విషం కనబడ్డం మొదలైంది. చంపలేదని తెలిసిన ఓలన్మాకే కనబడింది. పని చేస్తోంది. అమ్మయ్యో, పని చేస్తోంది అనుకుంది లోలోపల.

రెండో చరణం వచ్చింది. పేరు రావాల్సిన చోటు.

"వండింది ఉజొమా, వడ్డించింది ఉజొమా,
పెనిమిటి తిన్న ఆఖరి ముద్దలో
ఏం కలిపిందో అడగండమ్మా,
ఆడపడుచులారా, ఉజొమాని అడగండి."

చినేలో అనాలి. ఉజొమా అని కుదించి తన పేరే పాడుకుంటోంది. పొరపాటు పడిందేమో అనుకుని ఓలన్మా చెయ్యెత్తబోయింది. ఉజొమాక కళ్లు తెరిచే ఉన్నాయి. తలుపు వంకే చూస్తూ, ఆ చరణం మళ్లీ ఎత్తుకుంది. అవే మాటలు, అదే పేరు, ఇంకాస్త గొంతు పెంచి.

పాట అయిపోయింది. కుండ మోత మెల్లగా సన్నగిల్లింది. అలవాటు ప్రకారం ఓలన్మా అరచెయ్యి చూపించింది, కదలొద్దని. పాట తర్వాత గదిలో ఉండే నిశ్శబ్దం కూడా అరనిమిషం పట్టుకోవాలి, లేకపోతే అతుకులు వెయ్యడం కుదరదు. రికార్డవుతోందని చెప్పే ఎర్ర దీపం వెలుగుతూనే ఉంది.

అప్పుడు తలుపు తెరుచుకుంది.

ఫిలొమీనా. చంకలో మడత విప్పని కొత్త గుడ్డ. వెనకాల దూబెమ్ ఆపబోయి, చెయ్యి వెయ్యలేక నిలబడిపోయాడు. డెబ్భై ఏళ్ల మనిషి, వీధిలో నడుస్తుంటే కుర్రాళ్లు పక్కకి తప్పుకునే మనిషి, గుమ్మం పట్టుకుని నిలబడింది.

"ఈ పాట శనివారం అందరి ముందూ వేస్తారా?" అంది.

చంకలో గుడ్డని గట్టిగా అదుముకుంది.

"ఉజొమా," అంది ఆవిడ. "నువ్వు చంపలేదని నాకు ఆ రోజే తెలుసు."

ఉజొమాక అరచెయ్యి కుండ మీదే ఉంది. ఓలన్మా గడియారం వంక చూసింది. పదకొండు నలభై. పన్నెండుకి అన్నీ పంపాలి. పేరు సరిచేసి మళ్లీ పాడించాలో అక్కర్లేదో తెలీదు. ఆవిడ వేలు ఆపే మీట మీద ఉంది. నొక్కడానికి చేతులు రాలేదు.

ఉజొమాక ఎర్ర దీపం వంక చూసింది. కోడలి వేలి వంక చూసింది. ఆ తర్వాత పీట మీంచి లేచి, ఆ పీటనే మైకు ముందుకి జరిపింది.

"కూర్చో వదినా," అంది. "ఎలా తెలుసో ఇక్కడ కూర్చుని చెప్పు."